బాల ఆవిష్కర్తలు – పేటెంటు హక్కులు

ఫ్రీమాంట్ విద్యార్థులు తమ నూతన పరికరాలను అలమేడా కౌంటీ విజ్ఞాన ప్రదర్శనలో ప్రజల ముందుంచుతారు. అలా బహిరంగపరచిన నాటి నుండే పేటెంటు హక్కుకు గడువు లెక్కకు వస్తుంది. అమెరికా చట్టం ఆవిష్కర్తకు ఒక సంవత్సరం వెసులుబాటు నిచ్చినది. ఐరోపా దేశాలలో సాధారణంగా అదియును లేదు. పైగా 2013 మార్చి 16 నుండి అమెరికాలోనూ ముందుగా దరఖాస్తు చేసినవారికే ప్రాధాన్యం. కనుక ప్రదర్శనకు పూర్వమే తాత్కాలిక దరఖాస్తు దాఖలు చేయుట క్షేమం. అది ఆ తేదీని 12 నెలలు కాపాడుతుంది. ఈలోగా పూర్తి దరఖాస్తు సమర్పించాలి.

ఆవిష్కర్తకు కనీస వయోనియమం లేదు. ఊహ ఎవరిదో వారే ఆవిష్కర్త. రుసుము చెల్లించిన తండ్రి గాని, ప్రోత్సహించిన ఉపాధ్యాయుడు గాని అంతమాత్రాన ఆవిష్కర్త కాజాలరు. పిల్లల ఊహకు పిల్లల పేరే ఉండాలన్నది చట్టం మాట.