చిన్న ఏనుగు మోసే బరువు

రైలులో వచ్చిన సరకు స్టేషను దగ్గర ఆగిపోతుంది. జాతీయ రహదారి మీద వచ్చిన సరకు ఊరి పొలిమేరలో ఆగిపోతుంది. అక్కడి నుంచి దానిని అంగడి గుమ్మం వరకు చేర్చేదెవరు? పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో ఒకప్పుడు ఈ పని తొక్కుడు బళ్ళది, మూడు చక్రాల ఆటోలది. నేడు అందులో చాలా భాగం చిన్న పికప్ బండిది.

ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టి, రైలుతో పాటు పెరిగిన ఊరు. పందొమ్మిదవ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను నెలకొల్పింది. పెద్ద వర్క్‌షాపును కట్టింది. ఆ కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాల వారసులు ఈనాటికీ ఇక్కడ పెద్ద సంఖ్యలో వున్నారు. వెయ్యి మీటర్లకు మించిన ఇక్కడి ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ దానిని మించిపోయే వరకు, ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందింది. అంత పొడవైన ప్లాట్‌ఫారం వున్న ఈ ఊళ్ళోనే, గోల్ బజారు దుకాణాల నడుమ పెద్ద లారీ వెనుదిరగడానికి చోటుండదు. చిన్న బండికి ఇక్కడ ఇంత గిరాకీ వుండడానికి కారణం అదే.

ఈ తరహా బండ్లకు దారి చూపినది టాటా ఏస్. 2005 మే నెలలో ఇది మార్కెట్టులోకి వచ్చింది. గిరీష్ వాఘ్ నాయకత్వంలోని ఇంజనీర్ల బృందం నమూనా గీయడానికి ముందు మూడు చక్రాల బళ్ళు నడిపేవారి వద్దకు వెళ్ళి, వారికేమి కావాలో అడిగి తెలుసుకున్నది. మలుపులో ఒరగని నిలకడ, ప్రాణానికి భద్రత, నలుగురిలో గౌరవం — వారు కోరినవి ఇవి. ఖర్చు తగ్గించడానికి ఆ బృందం ఇండికా కారు నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజనును సగం చేసి, 702 సీసీల రెండు సిలిండర్ల ఇంజనును రూపొందించింది. దాని శక్తి 16 గుర్రాలు. మోయగల బరువు 750 కిలోలు. ఉత్తరాదిన దీనికి ‘ఛోటా హాథీ’ అని ముద్దుపేరు వచ్చింది. బెంగాలీలు ‘ఛోటో హాతీ’ అన్నారు. ఏ భాషలో పిలిచినా అది చిన్న ఏనుగే.

నడిపేవారికి ఈ ఏనుగు స్వభావం రెండు మూడు రోజుల్లో బోధపడుతుంది. సందుల్లో దీనికి సాటి లేదు. ముందు చక్రాలు తక్కువ చోటులో తిరుగుతాయి కనుక, పెద్ద లారీ రెండుమూడు సార్లు ముందుకూ వెనుకకూ ఆడవలసిన చోట ఇది ఒక్క ఊపులో మళ్ళుతుంది. తొట్టి ఎత్తు తక్కువ. బస్తాను తలకెత్తుకోకుండానే లోపలికి నెట్టవచ్చు. కాని సుఖప్రయాణానికి పుట్టిన బండి కాదిది. బరువు కోసం అమర్చిన గట్టి కమాను పట్టీలు ఖాళీ బండిలో ప్రతి గతుకునూ డ్రైవరు నడుముకు అప్పజెబుతాయి. ఇంజను సీటు కిందే వుంటుంది. వేసవిలో ఖరగ్‌పూర్ ఎర్రనేల కాగిపోయే రోజుల్లో ఆ వేడికి ఈ వేడి తోడవుతుంది. వానాకాలంలో ఖాళీ బండికి గట్టిగా బ్రేకు వేస్తే, వెనుక భాగం తేలికగా వుండడం వల్ల, పక్కకు జారే ప్రమాదముంది.

కోల్‌కతా వైపు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా శ్రీకాకుళం, విశాఖపట్నం దాటి చెన్నై దాకా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద పరిస్థితి వేరు. ఆంధ్ర చేపలను బెంగాల్ మార్కెట్లకు మోసుకువచ్చే పెద్ద లారీల నడుమ పదహారు గుర్రాల శక్తి చాలదు. ముందున్న బండిని దాటబోయి సగంలో ఊపిరి అందక నిలిచిపోవడం కంటే, ఎడమ పక్కన తన వేగంతో తాను పోవడం క్షేమం. తరువాత వచ్చిన నమూనాలలో ఇంజను శక్తి పెరిగింది. 2022లో విద్యుత్ ఏస్ కూడా వచ్చింది. అయినా ఈ సూత్రం మారలేదు.

అసలు పరీక్ష వేగంలో లేదు, బరువులో వున్నది. 750 కిలోలంటే యాభై కిలోల బస్తాలు పదిహేను. పదిహేను వేసిన తరువాత కూడా తొట్టిలో చోటు కనబడుతుంది. ‘మరో అయిదు బస్తాలేగా’ అంటాడు వర్తకుడు. కాదంటే పక్క బండివాడు సిద్ధంగా వుంటాడు. బండి మీద అప్పు వున్నది, నెలవాయిదా తరుముకొస్తున్నది. అందుచేత పదిహేను ఇరవై అవుతుంది, ఇరవై ముప్పయి అవుతుంది.

తొలినాటి ఏస్ నిర్ణీత బరువుతో కలిపి సుమారు 1,550 కిలోలు తూగుతుంది. ముప్పయి బస్తాలు వేస్తే అది 2,300 కిలోలకు చేరుతుంది. బ్రేకులు మాత్రం అవే. అంటే, అదే వేగంలో వున్న బండిని ఆపడానికి అవి దాదాపు ఒకటిన్నర రెట్ల భారాన్ని భరించాలి. బరువంతా వెనుక చేరితే ముందు చక్రాల పట్టు సడలి, స్టీరింగు మాట వినదు. టైర్లు వేడెక్కుతాయి, కమాను పట్టీలు విరుగుతాయి, క్లచ్ త్వరగా అరిగిపోతుంది. రెండు ట్రిప్పుల కిరాయి ఒక్క ట్రిప్పులో మిగిలిందని సంతోషించినవాడు ఆ మిగులును మెకానిక్ చేతిలో పోయవలసి వస్తుంది. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు నిర్దేశించింది.

ఖరగ్‌పూర్ తెలుగువారు స్వస్థలాలకు వెళ్ళినప్పుడు అక్కడ కూడా ఈ తరహా బండ్లే ఎదురవుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 జనవరిలో రేషను బియ్యాన్ని ఇంటి ముంగిటికి చేర్చడానికి 9,260 చిన్న బండ్లను ప్రారంభించింది. 2025 జూన్‌లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, పంపిణీని తిరిగి రేషను దుకాణాలకు అప్పగించారు. విధానం మంచిచెడ్డలు ఎలా వున్నా, నాలుగు గడపలకొకసారి ఆగుతూ సాగే అలాంటి పనికి పెద్ద లారీ పనికిరాదన్నది స్పష్టం.

అనుభవజ్ఞులు పాటించే నియమాలు కొన్నే. బరువైన వస్తువులను అడుగున, క్యాబిన్ వైపు సర్దాలి. తేలికైనవి పైన, వెనుక వుండాలి. వంతెన ఎక్కే ముందే గేరు తగ్గించాలి. దిగేటప్పుడు గేరులోనే దిగాలి, న్యూట్రల్‌లో కాదు. ఉదయం బయలుదేరే ముందు టైర్లలో గాలి, బ్రేకు ద్రవం చూసుకోవాలి. అన్నిటికీ మించి, పదహారవ బస్తా దగ్గర ‘చాలు’ అనగలగాలి.

ఆ మాట అనడం డ్రైవరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సరకు పంపే వర్తకుడు, చవక కిరాయి కోరే కొనుగోలుదారు కూడా అందులో భాగస్వాములే. పదహారవ బస్తాకు రెండవ ట్రిప్పు కిరాయి ఇచ్చేవారు వున్నప్పుడే పదిహేనవ బస్తా దగ్గర బండి ఆగుతుంది.