ఇల్లు మారితే దూరం మారుతుంది

కాగజ్‌నగర్ పాఠకుడొకరు పంపిన ప్రశ్న ఈ నెల మిగతా ఉత్తరాలన్నిటినీ వెనక్కి నెట్టేసింది. సర్‌సిల్క్ కాలనీలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఊళ్లోనే మరో చోటికి మారారట. అంతకుముందు అక్కడున్నవాళ్లు వదిలేసిన ఫైబర్ తీగ కొత్త ఇంటి గోడకు వేలాడుతోంది. ఇంటర్నెట్ కంపెనీ అదే. తన పాత మోడెం పెట్టె తెచ్చి ఆ తీగకు తగిలించారు. 'ఎల్‌ఓఎస్' అనే ఎర్ర దీపం వెలగలేదు కాబట్టి తీగలో వెలుగు వస్తున్నట్టే. 'పాన్' అనే పచ్చ దీపం మాత్రం గంటల తరబడి మిణుకుమంటూనే ఉంది. "కంపెనీ అదే, బాక్సు అదే, వైరు కూడా ఉంది. మరి నెట్ ఎందుకు రాదు?"

సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకున్న ఊరది. మిల్లుతో పాటు సామాన్లు సర్దుకుని వెళ్లినవాళ్లూ, తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నచోట ఈ ప్రశ్న ఒక్కరిది అయ్యుండదు. జవాబు ఆ మిణుకుమనే దీపంలోనే ఉంది. ఆ కాసేపట్లో పెట్టె చేసే పని, చేయించుకునే పని తెలిస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది.

ముందు చకచకా నాలుగు మాటలు. ఊళ్లో కంపెనీవాళ్ల గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక్కో గాజు పోగు బయలుదేరుతుంది. దారిలో స్తంభాల మీది స్ప్లిట్టర్ డబ్బాలు ఆ వెలుగును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాయి. స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు, తెలివీ ఉండదు. అందుకే మీకు వచ్చే సమాచారం మీ వీధిలో అందరి గోడ దాకా వస్తుంది. ఎవరి వాటా వాళ్ల పెట్టె మాత్రమే విప్పగలిగేలా రహస్య సంకేతాల్లో మూసి పంపుతారు. కిందికి, అంటే మీ ఇంటికి, వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, పైకి, అంటే ఓఎల్‌టీకి, వెళ్లేది 1310. కిందికి సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25. ఇదంతా జీపాన్ అనే అంతర్జాతీయ ప్రమాణం.

అసలు కథ పైకి వెళ్లే దారిలో ఉంది. కిందికి మాట్లాడేది ఓఎల్‌టీ ఒక్కటే, గొడవ లేదు. పైకి మాత్రం 64 ఇళ్ల వెలుగు ఒకే పోగులో కలవాలి. రెండిళ్ల వెలుగు ఒకే క్షణంలో చేరితే రెండూ పాడవుతాయి. సిర్పూర్ కాగజ్‌నగర్ నుంచి వచ్చే రైలు కాజీపేట దగ్గర మరో లైను రైళ్లతో కలవాలంటే, ఏది ఎంత దూరం నుంచి వస్తోందో కంట్రోలర్‌కు ముందే తెలియాలి. ఓఎల్‌టీదీ అదే అవసరం. అందుకే ఒక్కో పెట్టెకు ఒక్కో సమయం కేటాయిస్తుంది. ఆ సమయాన్ని లెక్కించాలంటే ప్రతి ఇల్లూ తనకు ఎంత దూరంలో ఉందో దానికి తెలిసి తీరాలి.

ఎంత కచ్చితంగా తెలియాలి? గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పైకి వెళ్లే ఒక్కో బిట్టు 0.8 నానోసెకను ఉంటుంది. అంటే పోగులో ఒక బిట్టు పొడవు 16 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. ఒక ఇంటి వెలుగుకూ మరో ఇంటి వెలుగుకూ మధ్య వదిలే ఖాళీ 32 బిట్లు. లైన్‌మన్ మిగిలిన తీగను స్తంభానికి చుట్టి వదిలేస్తాడు చూడండి, ఆ చుట్టలో 10 మీటర్ల తీగ ఉందనుకుందాం. రానూపోనూ కలిపి 20 మీటర్లు, అంటే సుమారు 120 బిట్ల ఆలస్యం. ఆ ఒక్క చుట్టను లెక్కలోకి తీసుకోకపోయినా మీ వెలుగు పొరుగింటివాళ్ల మాటల మీద పడుతుంది. అందుకే ఓఎల్‌టీ తీగను కొలుస్తుంది, చుట్టలతో సహా.

కొలిచే పద్ధతి చూస్తే గెలీలియో గుర్తొస్తాడు. వెలుగుకు ప్రయాణ సమయమే ఉండదని అరిస్టాటిల్ నుంచీ వస్తున్న నమ్మకం. వెలుగు వేగానికి హద్దుందని రుజువైతే తన తత్త్వశాస్త్రమంతా కూలిపోయినట్టేనని డెకార్ట్ 1634లో పందెం కాసినట్టు రాశాడు. గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో పరీక్ష ఒకటి చెప్పాడు. రాత్రివేళ ఇద్దరు లాంతర్లతో దూరదూరంగా నిలబడాలి. ఒకరు మూత తీయాలి, ఆ వెలుగు కనబడగానే రెండోవారు తమ లాంతరు మూత తీయాలి. ఆ జవాబు వెలుగు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. పద్ధతిలో తప్పేమీ లేదు. మైలు దూరంలో వెలుగు వెళ్లి రావడానికి పట్టేది 11 మైక్రోసెకన్లు. మనిషి చూసి చెయ్యి కదపడానికి పట్టేది దానికి దాదాపు 20 వేల రెట్లు. గెలీలియో కొలిచింది వెలుగు వేగం కాదు, లాంతరు పట్టుకున్నవాడి చురుకు.

1676లో ఖగోళ శాస్త్రవేత్త ఓలే రోమర్ బృహస్పతి ఉపగ్రహం అయో గ్రహణాలు ఆలస్యం కావడం గమనించి, వెలుగుకు ప్రయాణ సమయం ఉందన్నాడు. పారిస్ వేధశాల పెద్ద కస్సీనీ ముందు తానూ ఆ మాటే అని, తర్వాత వెనక్కి తగ్గి రోమర్‌ను ఒప్పుకోలేదు. అంత పెద్దాయన పొరబడడంతో ఆ సత్యం పారిస్‌లో చాలాకాలం పక్కన పడి ఉండిపోయింది. భూమి మీద కొలిచిన ఘనత ఫ్రెంచి శాస్త్రవేత్త ఫీజోది. 1849లో సురేన్ నుంచి మాంట్‌మార్ట్ర్ దాకా, 8.6 కిలోమీటర్ల దూరం వెలుగును పంపి, తిరిగొచ్చిన దాన్ని తిరుగుతున్న పళ్ల చక్రంతో అడ్డుకుని, సుమారు 5 శాతం తేడాతో వేగం పట్టేశాడు.

ఇప్పుడు కాగజ్‌నగర్ స్తంభం మీదికి రండి. ఓఎల్‌టీ ఒక సందేశం పంపుతుంది, మీ పెట్టె జవాబిస్తుంది. గెలీలియో పరీక్షే ఇది, అక్షరం పొల్లుపోకుండా. తేడా ఒక్కటే: జవాబుకు పెట్టె తీసుకునే సమయం 35 మైక్రోసెకన్లు అని ప్రమాణంలోనే రాసి ఉంది, దానికి అటూ ఇటూ ఒక్క మైక్రోసెకను. గెలీలియోకు దొరకని చురుకైన స్నేహితుడు ఇన్నాళ్లకు దొరికాడు. పెట్టెకూ పెట్టెకూ ఉండే ఆ చిన్న తేడా కూడా కొలతలోనే కలిసిపోతుంది. ఈ కొలత జరిగే సుమారు 200 మైక్రోసెకన్లు ఆ పోగు మీది ఇళ్లన్నీ పైకి ఏమీ పంపకుండా ఆగుతాయి. ఫోన్లో మాట్లాడుతున్న పొరుగువాళ్లకు ఆ సంగతే తెలియదు.

కొలిచాక ఓఎల్‌టీ చేసే పని మరీ ముచ్చటైనది. దూరం తేడాలనే మాయం చేస్తుంది. అన్ని ఇళ్లూ 20 కిలోమీటర్ల అవతల ఉన్నట్టు లెక్క పెట్టుకుందనుకుందాం. అక్కడి నుంచి వెలుగు రానూపోనూ 200 మైక్రోసెకన్లు. మీ పాత ఇల్లు కిలోమీటరు దూరంలో ఉంటే ప్రయాణం 10, కాబట్టి 190 ఆగమని పెట్టెకు చెబుతుంది. కొత్త ఇల్లు 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే ప్రయాణం 30, ఆగాల్సింది 170. దగ్గరివాళ్లు ఎక్కువ ఆగుతారు, దూరంవాళ్లు తక్కువ. ఓఎల్‌టీ కంటికి ఊరంతా ఒకే దూరంలో ఉంటుంది. పాత లెక్కతోనే కొత్త ఇంటి నుంచి మాట్లాడితే 20 మైక్రోసెకన్లు, అంటే సుమారు 25 వేల బిట్లు ఆలస్యంగా వెళ్లి వేరేవాళ్ల వంతు మీద పడతారు. ఇల్లు మారడమంటే ఈ యంత్రానికి ఒక అంకె మారడం.

ఆ అంకె ఒకసారి రాసి వదిలేసేది కూడా కాదు. పుష్యమాసం తెల్లవారుజామున ఆదిలాబాద్ వైపు చలి ఎలా ఉంటుందో, మేలో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తీగ 40 డిగ్రీలు వేడెక్కితే 5 కిలోమీటర్ల పోగులో రానూపోనూ సుమారు 15 నానోసెకన్ల ఆలస్యం పెరుగుతుంది. అది 32 బిట్ల ఖాళీలో సగానికి పైనే. ఓఎల్‌టీ ఈ జరుగుబాటును ఎప్పటికప్పుడు కనిపెట్టి దిద్దుతుంటుంది.

మరి మన పాఠకుడి పెట్టె ఎక్కడ ఆగింది? పెట్టె పనిలోకి దిగేదాకా ఐదు దశలు: మేలుకోవడం, వెలుగు లయ అందుకోవడం, తన పేరు చెప్పడం, దూరం కొలిపించుకోవడం, పనిలో దిగడం. పేరంటే సీరియల్ నంబరు: తయారీదారును తెలిపే నాలుగు అక్షరాలు, తర్వాత ఎనిమిది అంకెలో అక్షరాలో. "కొత్తవాళ్లెవరైనా ఉన్నారా?" అని ఓఎల్‌టీ అప్పుడప్పుడూ అడుగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు వీధిలో పెట్టెలన్నీ ఒకేసారి మేలుకుంటాయి, అన్నీ ఒకేసారి పేరు చెబితే ఏదీ వినబడదు. కాబట్టి ప్రతి పెట్టె 0 నుంచి 48 మైక్రోసెకన్ల లోపు తోచినంతసేపు ఆగి చెబుతుంది. ఢీకొంటే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ కిటుకు 1971లో హవాయి దీవులను రేడియోతో కలిపిన నార్మన్ ఏబ్రమ్సన్ అలోహా నెట్ నుంచి వచ్చింది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు మాట్లాడే ఆ పద్ధతిలో దారి సామర్థ్యంలో 18 శాతానికి మించి వాడుకోలేం. అందుకే జీపాన్ దాన్ని పేరు చెప్పడానికి మాత్రమే ఉంచుకుని, మిగతాదంతా కొలత మీద నడిపిస్తుంది.

మన పాఠకుడి పెట్టె మూడో దశలో పేరు చెబుతూనే ఉంది, అవతల ఒప్పుకునేవారు లేరు. ఆ సీరియల్ నంబరు పాత ఇంటి పోర్టు కింద నమోదై ఉంది. కొత్త ఇంటి తీగ వేరే పోర్టుది. అక్కడి జాబితాలో ఆ పేరు లేదు కాబట్టి దూరం కొలిచే దాకా పోనే లేదు. అదే వీధిలో, అదే పోర్టు కింద ఇల్లు దొరికుంటే చాలావరకు పెట్టె తగిలించగానే నెట్ వచ్చేది.

ఇక ఉపయోగం మాట. మారబోయే ఇంటికి కంపెనీ తీగ ఉందా, దగ్గరి డబ్బాలో ఖాళీ ఉందా అన్నది ఇల్లు ఖాయం చేసుకోక ముందే అడగండి. వారం ముందే షిఫ్టింగ్ అర్జీ పెట్టండి. పెట్టె, దాని అడాప్టర్ వెంట తెచ్చుకోండి. తీగను మడవకండి. లైన్‌మన్ వెలుగు బలం కొలిచే మీటరు పెట్టినప్పుడు ఎంత చూపిందో అడగండి. మైనస్ 27 డీబీఎంకు దగ్గరగా ఉంటే వానాకాలానికి ఆగదు, అతుకు మళ్లీ వేయించుకోండి.

నా ఫిర్యాదు ఒక్కటే. మొబైల్ నంబరును వేరే కంపెనీకి మార్చుకునే హక్కు 2011 జనవరిలో దేశమంతటా వచ్చింది. ఇంటి నెట్‌ను మన వెంట తీసుకుపోవడానికి అలాంటి హక్కేదీ లేదు. కొత్త తీగ లాగాల్సి వస్తే రెండు రోజులు పట్టడం న్యాయమే. తీగ గోడకే ఉన్నప్పుడు మిగిలింది ఒక పోర్టు జాబితాలో పన్నెండు అక్షరాలు చెరిపి ఇంకో జాబితాలో రాయడమే. అది కాగానే మిగతా పనంతా యంత్రం రెప్పపాటులో ముగిస్తుంది. జానెడు తేడా పట్టే కొలత మన వీధి స్తంభం మీద పగలూ రాత్రీ నడుస్తోంది. దాన్ని ఆపి ఉంచే ఆ నమోదుకూ గంటల్లో లెక్క తేలే గడువు పెట్టాలి. అర్జీ ఇచ్చేటప్పుడు "సీరియల్ నంబరు కొత్త పోర్టుకు ఎప్పుడు మారుస్తారు?" అని సూటిగా అడగండి. ఏమడుగుతున్నారో తెలిసి అడిగినవాళ్లకు జవాబు త్వరగా వస్తుంది.