కోయబిడ్డకు ఆంగ్లపాఠము

భద్రాచలపు అడవిపల్లెలలోని కోయబిడ్డకు ఆంగ్లము మూడవ భాష. ఇంట కోయ, ఊరిలో తెలుగు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022లో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ఎదురెదురు పుటలలో తెలుగును, ఆంగ్లమును అచ్చువేసిన పుస్తకములు వచ్చినవి. కోయకు వానిలో పుట లేదు. ఆ లోటు ఉపాధ్యాయుడే తీర్చవలెను. కోయలో 'ఏర్' అనగా నీరు. తెలుగున 'ఏరు' అనగా వాగు. ఈ చుట్టరికము చూపి 'వాటర్' అను మాట నేర్పినచో బిడ్డకు సులువుగా పట్టుబడును. కోయలోను తెలుగులోను క్రియ వాక్యము చివర నిలుచును. ఆంగ్లమున కర్మకు ముందే వచ్చును. ఈ భేదమును మొదట నోట పలికించి, పిదప వ్రాయింపవలెను. కోయ ఎరుగని ఉపాధ్యాయునకు ఆ భాషలో కొంత శిక్షణయు, ఊరిపెద్దల తోడును కావలెను. అవి కొరవడినచో బిడ్డ అక్షరములు చదువును గాని అర్థము గ్రహింపడు.