దమ్ము చేసిన మడిలో రోబో చక్రం

2024లో వియత్నాంలో జరిగిన ఏబీయూ రోబోకాన్ పోటీకి ఇతివృత్తం వరి సాగు. విద్యార్థుల రోబోలు నారు నాటాలి, ధాన్యం సేకరించి గాదెలలో నింపాలి. అయితే అక్కడి నారు ప్లాస్టిక్ గొట్టం, ధాన్యం బంతి, మడి గట్టి నేల. అటువంటి నేలపై మెకానమ్ చక్రానికి సాటి లేదు. స్వీడన్ ఇంజనీరు బెంట్ ఇలోన్ 1970 దశకం తొలినాళ్లలో రూపొందించిన ఈ చక్రం చుట్టూ 45 డిగ్రీల వాలులో చిన్న రోలర్లు ఉంటాయి. రోబో మలుపు తిరగకుండానే పక్కకు జరగగలదు.

ఇదే చక్రాన్ని గుడివాడ, మచిలీపట్నం పరిసరాల్లోనో దివిసీమలోనో దమ్ము చేసిన నల్లరేగడి మడిలో దింపితే రోలర్ల సందుల్లో జిగట మన్ను చేరి బిగుసుకుపోక తప్పదు. కనుక కలుపు తీసే రోబోను పోటీకి సిద్ధం చేసే డెల్టా విద్యార్థులు మోటారు కంటే ముందు చక్రం సంగతి చూడాలి. నమూనా కోసం దూరం పోనక్కరలేదు. దమ్ము ట్రాక్టరుకు తగిలించే కేజ్ వీల్ ఉన్నదే!

20 కిలోల రోబో నాలుగు చక్రాలపై నిలిస్తే ఒక్కొక్కదానిపై 5 కిలోల భారం పడుతుంది. చక్రం నేలను తాకే వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లయితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలో. 100 అయితే 50 గ్రాములే. వైశాల్యం కోసం వెడల్పు పెంచుదామంటే 25 సెంటీమీటర్ల సాళ్ల మధ్య చోటు చాలదు. అందుచేత వ్యాసాన్నే పెంచాలి. 40 సెంటీమీటర్ల వ్యాసముంటే బురద 15 సెంటీమీటర్ల లోతున్నా ఇరుసు పైనే ఉంటుంది.

రెండు ఇనుప వలయాల మధ్య రెక్కలను అతికితే చక్రం తయారవుతుంది. రెక్కలు మరీ దగ్గరైతే మన్ను నిండి చక్రం నున్నని డ్రమ్ములా మారి జారుతుంది. మరీ దూరమైతే రోబో కుదుపుతుంది. మధ్య భాగం తెరిచి ఉంచడం మేలు, మన్ను తనంతట తానే రాలిపోతుంది. రెక్కలను వరుసగా కాక ఎదురెదురుగా వెల్డింగ్ చేయకపోతే వేడికి వలయం వంకర పోతుంది. సముద్రానికి చేరువలోని ఉప్పు నేలల్లో నడిపిన చక్రాన్ని వెంటనే మంచినీటితో కడగాలి, లేకుంటే తుప్పు ముందుగా అతుకులనే పడుతుంది.

పరీక్ష మడిలోనే జరగాలి. 40 సెంటీమీటర్ల చక్రం 10 చుట్లకు జారకుండా సుమారు 12.5 మీటర్లు పోవాలి. 10 మీటర్లే పోతే జారుడు 20 శాతం. అంతకు మించితే ముందు రోబో బరువు తగ్గించి చూడాలి. రెక్కల ఎత్తు పెంచడం ఆ తరువాతి మాట, ఎత్తయిన రెక్క వరి వేళ్లను కూడా పెకలిస్తుంది.