పూత చూసి కాపు చెప్పేవారు

నూజివీడు ప్రాంతంలో మామిడితోట బేరమంటే చాలాసార్లు ఇంకా పుట్టని కాయకు బేరం. పుష్యమాఘాల్లో కొమ్మలు పూతతో బరువెక్కగానే వ్యాపారస్తుడు వస్తాడు. చెట్ల మధ్య ఓ చుట్టు తిరిగి, తలెత్తి నాలుగు కొమ్మలు పరీక్షగా చూసి, రైతు చేతిలో బయానా పెట్టి వెడతాడు. వేసవిలో వేలాడవలసిన చిన్నరసాలూ, బంగినపల్లీ అప్పటికే అతని కళ్ళకు కట్టాయన్నమాట. లెక్క తప్పితే చేతి డబ్బు పోతుంది కనుక అతను పూతను ఆషామాషీగా చూడడు.

యీ కాలపు కుర్రకారుకు ఇటువంటి విద్యే మరొకటి పట్టుబడింది. వీడియో ఆటలు తయారుచేసే స్టూడియోలున్నాయి కదా, అవి తమ రాబోయే ఆటల సంగతి ఏళ్ళ తరబడి గుట్టుగా వుంచుతాయి. కాని ఆట తయారుకావాలంటే మనుషులు కావాలి. మనుషులు కావాలంటే ‘ఉద్యోగులు కావలెను’ అని ప్రకటించక తప్పదు. గుట్టు రట్టయ్యేది అక్కడే. మన పెద్దలు మద్రాసు సినిమా స్టూడియోల విషయంలో చేసినదీ ఇదే కాదూ? కత్తులూ డాళ్ళూ చేసే వడ్రంగిని పిలిచారంటే జానపదమనీ, కిరీటాలకు కొలతలు తీశారంటే పౌరాణికమనీ సరదాపడేవారు.

ప్రకటన చదవటానికి కొన్ని గుర్తులున్నాయి. ఊహాచిత్రాలు గీసే చిత్రకారులు కావాలంటే ఆట ఇంకా పొత్తిళ్ళలోనే వున్నదని. దూరదూరాన వున్న ఆటగాళ్ళను ఒకేచోట కలిపే నెట్‌వర్కు పని తెలిసినవారు కావాలంటే, అది నలుగురూ కూడి ఆడే ఆట. తప్పులు వెతికే పరీక్షకులను పెద్దసంఖ్యలో పిలుస్తుంటే విడుదల దగ్గరపడినట్లు. ఆటను ఉచితంగా ఇచ్చి లోపల సామానులమ్మి సొమ్ము చేసే ఉపాయశాలి కావాలంటే — తండ్రులు జేబులు జాగ్రత్త పెట్టుకోవాలి!

కొలువులో చేరిన మనిషిని బట్టి కూడా చెప్పవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని గెరిల్లా సంస్థకు ‘కిల్‌జోన్’ అనే తుపాకీ యుద్ధాల ఆట వల్ల పేరు. ఆ సంస్థ 2013లో, ‘ఫాలౌట్: న్యూ వేగస్’ అనే కథాప్రధానమైన ఆటకు రచన చేసిన జాన్ గొంజాలెజ్‌ను తీసుకున్నది. తుపాకులకు కథకుడెందుకని ఆలోచించినవారి వూహ నిజమైంది. 2015లో ప్రకటించి 2017లో విడుదల చేసిన ‘హొరైజన్ జీరో డాన్’ విశాలమైన కథాలోకం.

ఇది కాచిన పూత. రాలిన పూత కథ ఇంతకన్న ముఖ్యం.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఇర్వైన్‌లో వున్న బ్లిజార్డ్ సంస్థ 2007లో ఒక ప్రకటన వేసింది. పేరు చెప్పని కొత్త ఆట, ఏకకాలంలో వేలాదిమంది ఆడేది, దానికి పనివారు కావాలి అని. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ చేసినవారి మాట కనుక లోకం చెవులు రిక్కించింది. ఆ మరుసటి ఏడే, 2008లో, నూజివీడులో ట్రిపుల్ ఐటీ వెలిసింది. పదో తరగతి మార్కులమీద పల్లెటూరి పిల్లలను చేర్చుకుని, రెండేళ్ళు పి.యు.సి., నాలుగేళ్ళు ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్ళు చదివించే ఏర్పాటు. ఆ మొదటి జట్టులో ఒక కుర్రవాడు బ్లిజార్డ్ ప్రకటననే నమ్ముకుని చదివాడనుకుందాం. అతని చదువు 2014లో పూర్తయివుండేది. అప్పటికి ఆ ఆటకు ‘టైటన్’ అనే పేరు బయటికి పొక్కింది; 2013లోనే దాని జట్టులో చాలామందిని వేరే పనులకు మార్చారు; 2014 సెప్టెంబరులో ఏకంగా రద్దుచేశామని సంస్థే ప్రకటించింది. అంటే ఏడేళ్ళు! ప్రకటన అబద్ధం కాదు. మనుషులను తీసుకున్నారు, జీతాలిచ్చారు, పని జరిగింది. కాయ మాత్రం రాలేదు.

ఐతే శిథిలాల్లోంచి ఒకటి మొలిచింది. మిగిలిన కొద్దిమందీ జెఫ్ కాప్లన్ నాయకత్వాన పాత సరుకులో కొంత ఏరుకుని ‘ఓవర్‌వాచ్’ అనే ఆట కట్టారు. 2014 నవంబరులో చూపించారు, 2016లో అమ్మారు, అది బ్రహ్మాండంగా ఆడింది. 2007 ప్రకటన చదివి యీ ఆటను వూహించినవాడెవడూ లేడు.

మామిడి పూగుత్తిలో వందలు, ఒక్కోసారి వేల పువ్వులుంటాయి. వాటిలో చాలావరకు మగపువ్వులు. అవి ఎంత అందంగా వున్నా కాయ కట్టవు. మిగిలినవాటిని తేనెమంచు పురుగూ, బూడిద తెగులూ, గాలివానా పంచుకోగా, కాయై నిలిచేది నూటికొకటి కూడా వుండదు. ఉద్యోగ ప్రకటనల్లోనూ మగపువ్వులున్నాయి. ఒకడు మానేస్తే ఆ కుర్చీ నింపటానికి వేసేవి కొన్ని. ఎప్పుడో వేసి తియ్యటం మరచినవి కొన్ని. అన్నిటికన్న విచిత్రమైనవి మన తెలుగువారు అమెరికాలో బాగా ఎరిగినవి: పరదేశి ఉద్యోగికి శాశ్వత నివాసం ఇప్పించాలంటే, ఆ పనికి తగిన అమెరికావాడు దొరకలేదని యజమాని చూపాలి. అందుకు రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వెయ్యాలనే నిబంధన వచ్చింది. కుర్చీలో మనవాడు కూర్చునే వుంటాడు. ప్రకటన మాత్రం కుర్చీ ఖాళీ అంటుంది! ఇటువంటి నియామకాల్లో అమెరికావారికి అన్యాయం చేశారని అభియోగం వస్తే, ఫేస్‌బుక్ 2021లో కోటీ 42 లక్షల డాలర్ల పైచిలుకు వరకూ, యాపిల్ 2023లో రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించటానికి వొప్పుకుని రాజీపడ్డాయి.

ఇక్కడి ఇళ్ళలో ఇది సరదా సంగతి మాత్రమే కాదు. పి.యు.సి. ముగిశాక ఏ శాఖ కోరాలన్న చర్చ వస్తుంది. కంప్యూటరా, ఎలక్ట్రానిక్సా, లోహశాస్త్రమా? మనవాళ్ళకు ఆటల ఉద్యోగం అందనిదేమీ కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ హైదరాబాదులోనే పనిచేయిస్తున్నది. రాక్‌స్టార్ సంస్థ 2019లో బెంగుళూరులోని ధ్రువ ఇంటరాక్టివ్‌ను 79 లక్షల డాలర్లకు కొన్నది. కాని ఒకే ప్రకటన చూసి, తోట కుదువపెట్టి, పిల్లవాణ్ణి ఏదో ప్రయివేటు శిక్షణలో చేర్చటం, పూత మీదే మొత్తం సొమ్ము చెల్లించటమే! అనుభవమున్న వ్యాపారి బయానాతో ఆగి, పిందె దశలో మళ్ళీ తోటకు వస్తాడు. ప్రకటననూ మూడు నెలలు పోయాక మళ్ళీ చూడాలి. ఒక్క కుర్చీయే ఖాళీ వుందా, చిత్రకారుడూ, కథకుడూ, లెక్కలవాడూ అందరూ కావాలంటున్నారా అన్నది చూడాలి. నా మటుకు నాకు ఆట పేరు కన్న అడిగిన పనితనమే ముఖ్యమనిపిస్తుంది. టైటన్ పోయినా, దానికోసం నేర్చిన నెట్‌వర్కు విద్య పోలేదు కదా.

మరొక గుర్తు చెప్పటం మరిచాను. విడుదలకు ముందు స్టూడియోలు భాషా పరీక్షకుల కోసం ప్రకటిస్తుంటాయి. ఏ భాషలు అడిగారో చూస్తే, ఆటను ఏ దేశాల్లో అమ్మదలచారో తెలిసిపోతుంది. ఆ జాబితాలో ఎప్పుడైనా తెలుగు కనపడితే నూజివీడు పిల్లలు దాన్ని కత్తిరించి మాకు పంపాలి.