పెద్ద కంపెనీది జల్లెడ... స్టార్టప్‌ది పరిచయం!

కోరుట్ల నుంచి గల్ఫ్‌కు పోదామనుకునే కుర్రాడు ముందు ఎవరిని వెతుకుతాడు? అప్పటికే దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న చిన్నాయననో, ఊళ్లో దోస్తునో. సిరిసిల్లలో సాంచాల మీద పనికైనా అంతే. సర్టిఫికెట్లు చూపించమనే ఆసామి ఉండడు. 'ఎవరి మనిషివి? పని వస్తదా?'... ఆ రెండే ప్రశ్నలు.

చిత్రమేమిటంటే, హైదరాబాద్‌లోని స్టార్టప్‌లు చాలావరకూ ఉద్యోగుల్ని ఎంచుకునేదీ ఇలాగే!

పెద్ద కంపెనీల దారి వేరు. వాళ్లకు ఒక్కసారే వేలమంది కావాలి. అందుకే జల్లెడ పడతారు. టీసీఎస్‌ సంగతే చూడండి. పది, ఇంటర్, ఇంజినీరింగ్‌... అన్నింట్లోనూ 60 శాతం అడుగుతుంది. ఆ గీత దాటాక ఎన్‌క్యూటీ అనే పరీక్ష. లెక్కలు, ఇంగ్లిషు, రీజనింగ్, ప్రోగ్రామింగ్. పరీక్ష కాబట్టి మొహమాటాలుండవు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో మొదలైన జగిత్యాల జేఎన్టీయూ విద్యార్థికైనా, 2021లో వచ్చిన సిరిసిల్ల జేఎన్టీయూ విద్యార్థికైనా నగరం పిల్లలతో సమానంగా అదే పేపరు. తెలిసినవాళ్లెవరూ లేని ఇంటికి ఇది చిన్న విషయం కాదు. పదో తరగతిలో 58 శాతం దగ్గర ఆగిపోయిన అమ్మాయికి మాత్రం, ఇప్పుడెంత చక్కగా ప్రోగ్రామ్‌ రాసినా ఆ తలుపు తెరుచుకోదు.

తల్లిదండ్రులు గమనించాల్సింది మరొకటుంది. ఆఫర్‌ లెటర్‌ రాగానే ఊరంతా మిఠాయిలు పంచుతారు, దాన్ని నమ్ముకుని అప్పు చేసేవాళ్లూ ఉన్నారు. కానీ అది ఇంకా కొలువు కాదు. ఇన్ఫోసిస్‌లో 2022 బ్యాచ్‌ పిల్లలు కొందరు రెండేళ్లకు పైగా ఎదురుచూసి 2024 అక్టోబరులో చేరారు. లోపలి పరీక్షలు పాసవలేదంటూ 2025 ఫిబ్రవరిలో మైసూరులో 300 మందికి పైగా ట్రైనీలను పంపించేశారు. 2023లో విప్రో అయితే, ఆరున్నర లక్షల జీతమన్న కొత్తవాళ్లను మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగింది.

మరి స్టార్టప్‌లు? 'మార్కులు చూడం' అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. పదిమందే ఉన్నచోట ఒక్కరు పనికిరాకపోయినా బండి ఆగుతుంది కాబట్టి, తమవాళ్లు చెప్పినవాళ్లనో ఇంటర్న్‌షిప్‌లో పని చూసినవాళ్లనో తీసుకుంటారు. కోరుట్ల పిల్లాడి గురించి అక్కడ చెప్పేదెవరు? జీతం లేని మూడు నెలలకు హాస్టల్‌ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఆ లోటు కొంత పూడ్చేది చేతిపనే. కాలేజీ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనితెచ్చుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. అదే, పక్కవీధి ఆసామి నోటుబుక్కులో రాసుకునే నూలు, మీటర్లు, కూలి లెక్కలకు ఓ చిన్న యాప్‌ తయారుచేసి, ఆయనతో నెలరోజులు వాడించి చూడండి. దాన్ని గిట్‌హబ్‌లో ఉచితంగానే పెట్టుకోవచ్చు. ఎక్కడ తప్పు లెక్క వచ్చిందో, ఆసామి ఏమని తిట్టాడో, ఎలా సరిచేశారో... ఇంటర్వ్యూలో అరగంట చెప్పడానికి సరిపడా సరుకు!