డిష్‌వాషర్‌లో పెట్టే ముందు గిన్నెలు కడగాలా?

డిష్‌వాషర్ కొన్నాక కూడా చాలామంది బాసాన్లు సింక్‌లో సగం తోమి, ఆ తర్వాతే మెషీన్‌లో సర్దుతారు. పప్పు, పులుసు, పసుపు మరకలు చూస్తే నమ్మకం కుదరదు మరి. కానీ ఆ కడుగుడు అక్కర్లేదు. కొన్ని మోడళ్లలో అది నష్టం కూడా.

ఎట్లా అంటే, ఆటో ప్రోగ్రామ్ ఉన్న చాలా మెషీన్లలో టర్బిడిటీ సెన్సర్ ఉంటుంది. నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసి, ఎంతసేపు, ఎంత వేడితో కడగాలో మెషీనే తేల్చుకుంటుంది. ముందే కడిగేస్తే నీళ్లు తేటగా కనిపిస్తాయి, పని తొందరగా ముగించేస్తుంది. మూలల్లో జిడ్డు అట్లనే ఉండిపోతుంది. డిటర్జెంట్‌లోని ఎంజైములు ఉన్నదే అన్నం గంజిని, పప్పులోని ప్రోటీన్‌ను విడగొట్టడానికి.

ఇక నీళ్ల లెక్క. పెద్ద మెషీన్ ఎకో ప్రోగ్రామ్‌లో ఒక లోడ్‌ను సుమారు 10 లీటర్లలో ముగిస్తుంది. ట్యాప్ ధారగా వదిలి రెండు నిమిషాలు కడిగితే దాదాపు అన్ని నీళ్లు పోతాయి. కరీంనగర్‌లో లోయర్ మానేరు నీళ్లయినా, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లయినా ఊరికే పారబోయడం ఎందుకు?

మెతుకులు, బొక్కలు, కరివేపాకు, చింతపండు పిప్పి మాత్రం గీకి పారేయండి. ఫిల్టర్‌లో ఇరుక్కునేవి ఇవే. మాడిన పాలగిన్నెను నానబెట్టాల్సిందే. రాత్రి సర్ది పొద్దున నడుపుతామంటే ప్రీ-రిన్స్ నొక్కండి. సర్వపిండి చేసే అల్యూమినియం గిన్నె, ఆదిలాబాద్ జొన్నరొట్టెల ఇనుప పెనం అసలు పెట్టొద్దు: ఒకటి నల్లబడుతుంది, ఇంకోటి తుప్పు పడుతుంది.

గ్లాసుల మీద తెల్లటి పొర వస్తోందా? అది ఎంగిలి కాదు, చాలాసార్లు బోరు నీళ్ల పనే. సాల్ట్ నింపి, హార్డ్‌నెస్ సెట్టింగ్ మీ నీళ్లకు తగ్గట్టు పెంచండి. వంట ఉప్పు కాదు, డిష్‌వాషర్ సాల్టే.